పసుపు లేని బొట్టు

మనుబోలు దగ్గర హైవే మీద, పట్టపగలు పదకొండింటికి, నంబరు ప్లేటు లేని ట్యాంకర్ ఒకటి హెన్రీ బైకును గుద్దింది. ఆగకుండా వెళ్లిపోయింది. హెన్రీ అక్కడికక్కడే పోయాడు. అతని బ్యాగు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

పన్నెండున్నరకల్లా ఏజెంట్ కెజియా నెల్లూరులో చీఫ్ గిరిబాబు ఎదుట నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. హెన్రీ ఆమెతో ఐదేళ్లు పనిచేశాడు. వాళ్ల గూఢచారి విభాగంలో కంప్యూటర్ల సంగతి తెలిసిన మనిషి అతనొక్కడే.

గిరిబాబు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. కోట దగ్గర తీరంలో ఒక హెచ్చరిక కేంద్రం ఉంది. సెల్ సిగ్నల్ అందని దూరంలో ఉన్న పడవలకు తుఫాను కబురు అక్కడి కంప్యూటర్ నుంచే వెళుతుంది. ఒక విదేశీ ముఠా అందులోకి చొరబడింది. ఇవాళ సముద్రంలో వాయుగుండం ఉంది. సరిగ్గా నాలుగు గంటలకు, వెనక్కి రండి అని చెప్పాల్సిన కంప్యూటర్, ఈశాన్యానికి పొండి, అక్కడ సముద్రం ప్రశాంతంగా ఉంది అని చెబుతుంది. నూట ఎనభై పడవలు నేరుగా తుఫానులోకి వెళతాయి. కోస్ట్ గార్డ్ వాటిని వెతుకుతూ పోతే, కాపలా లేని తీరంలో ముఠా ఆయుధాలు దించుకుంటుంది.

ఎలా చొరబడ్డారని అడిగింది కెజియా. గిరిబాబు గొంతు సవరించుకున్నాడు. అందులో ఉన్నది కాలం చెల్లిన ఆపరేటింగ్ సిస్టమ్. దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయి తొమ్మిదేళ్లయింది. మార్చమని హెన్రీ మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ ఒకటే జవాబు: ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

కెజియాకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిదేళ్లుగా పరిశీలిస్తున్నారు. ఏం పరిశీలించారు, కాగితం రంగా? ఇంకేమీ చేతకాక, కంప్యూటర్ ఆపేస్తే పోదా అంది. ఆపేస్తే వెనక్కి రమ్మని చెప్పడానికి వేరే దారి లేదన్నాడు గిరిబాబు. ట్రాన్స్‌మిటర్ దాని అధీనంలోనే ఉంది. ఆగలేక హెన్రీ తానే కొత్త సిస్టమ్ డిస్క్ తీసుకుని బయల్దేరాడు. ఆ సంగతి ముఠాకు తెలిసిందంటే విభాగంలోనే ఎవరో చెప్పారన్నమాట.

"కానీ కెజియా, ఫైలు ఇంకా పైనే ఉంది. అనుమతి లేకుండా అప్‌గ్రేడ్..."

మిగతాది మూసుకున్న తలుపు విన్నది.

రెండు నలభైకి ఆమె, హెన్రీ అక్కడ ఇంకో కాపీ ఉంచి ఉంటాడన్న ఆశతో, కేంద్రంలో అడుగుపెట్టింది. ఖాకీ చొక్కా, భుజాన టూల్‌బ్యాగు, యూపీఎస్ బ్యాటరీలు మార్చే మెకానిక్ వేషం. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ. పై రెండు గిన్నెల్లో పులిహోర. అడుగు గిన్నెలో హెన్రీ తయారు చేసిన యంత్రం. అందులో డిస్క్ పెడితే ప్రతి ఫైలునూ లెక్కగట్టి ఒక కోడ్ చూపిస్తుంది. అసలు డిస్క్ కోడ్‌ను హెన్రీ గిన్నె మూత లోపల గీసిపెట్టాడు.

ఆపరేటర్ పోలేరయ్య మైకు పక్కన కూర్చుని విసురువల బాగుచేసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు వేటకు పోయిన మనిషి. అతని తమ్ముళ్లిద్దరూ ఆ పూట సముద్రం మీదే ఉన్నారు.

గదిలో ఇంకొకరున్నారు. తెల్ల షిఫాన్ చీర, కూలింగ్ గ్లాసులు, ఎర్రగా మెరిసే గోళ్లు. కెజియా విభాగంలోనే పనిచేసే రోజారమణి. అయినా పద్ధతి పద్ధతే.

"కొడవలూరులో వడ్లు ఆరినాయా?" అని అడిగింది కెజియా.

"ఎండ చాలలేదు. ఇంకా పచ్చిగానే ఉండాయి."

కోడ్ వర్డ్ సరిపోయింది. ప్రమాదం జరిగిన చోటికి తానే ముందు వెళ్లానని, హెన్రీ డిస్క్ తీసుకొచ్చానని రోజారమణి చెప్పింది. ఈ కంప్యూటర్‌లోనే పరీక్షించానని కూడా అంది. స్క్రీన్ మీద 'డిస్క్ సరైనది' అని పచ్చగా కనిపిస్తోంది. డిస్క్ మీద ఎర్రబొట్టు ఉంది. రెండు వారాల కిందట దసరాకు హెన్రీ ఇక్కడికి వచ్చినప్పుడు, ఆయుధపూజ చేస్తూ పోలేరయ్య మానిటర్‌కూ మైకుకూ పెట్టినట్టే అతని డిస్కులకూ బొట్టు పెట్టాడు.

కెజియా ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకేసింది. తర్వాత డిస్క్ అందుకుంది. కోపంలో క్యారేజీ సంగతే మర్చిపోయింది.

"ఆగమ్మా," అన్నాడు పోలేరయ్య. "అది నేను పెట్టిన బొట్టు కాదు."

కెజియా చర్చికి వెళ్లే మనిషి. బొట్టులో తేడా ఏముంటుందో ఆమెకు అర్థం కాలేదు.

"ముందు పసుపు, దాని మీద కుంకుమ. ఉత్త కుంకుమ ఎవురు పెడతారమ్మా? దీనికి పసుపేదీ?"

కెజియా బొట్టును గోటితో గీకింది. కుంకుమ అయితే వేలికి అంటాలి. ఇది చేప పొలుసులా లేచి వచ్చింది. నెయిల్ పాలిష్. ఆమె చూపు రోజారమణి గోళ్ల మీదికి వెళ్లింది. జబ్బుపడ్డ కంప్యూటర్ తనను తానే పరీక్షించుకుని ఆరోగ్యంగా ఉన్నానంటే నమ్మబోయినందుకు తన మీదే ఆమెకు అసహ్యం వేసింది.

రోజారమణి హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ తీసింది. నాలుగు దాకా ముగ్గురం కదలకుండా కూర్చుందామంది.

పోలేరయ్య కూర్చున్నచోటి నుంచే వల విసిరాడు. ముప్పై ఏళ్ల చెయ్యి, గురి తప్పలేదు. పిస్టల్ పేలింది, గుండు పోయి ఫ్యాన్‌కు తగిలింది. కెజియా పిస్టల్ లాక్కుని, వలతో సహా ఆమెను కుర్చీకి కట్టేసింది.

"హెన్రీ నిన్ను అక్కా అనేవాడు," అంది. రోజారమణి తల తిప్పుకుంది.

మూడు పది. అసలు డిస్క్ ముఠా దగ్గరుంది. కానీ హెన్రీ ఏదైనా రెండు కాపీలు చేసే మనిషి. పోలేరయ్య లేచి పోలేరమ్మ పటం వెనక నుంచి, దసరానాడు హెన్రీ దాచమని ఇచ్చిపోయిన రెండో డిస్క్ తీశాడు. పసుపు, పసుపు మీద కుంకుమ. ఈసారి కెజియా బొట్టును నమ్మి ఊరుకోలేదు, క్యారేజీలో పెట్టింది. మూత మీది కోడ్‌తో అక్షరం అక్షరం సరిపోయింది.

పాత కంప్యూటర్ నుంచి పడవల లిస్టు మాత్రం ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంది. పాత ప్రోగ్రాము ఒక్కటి కూడా రానివ్వలేదు. తర్వాత అంతా తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కించింది. దాని వెనక ట్రాన్స్‌మిటర్ డ్రైవర్, దాని వెనక రేడియో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్. పాతది కొత్త సిస్టమ్ మీద పనిచేయదని హెన్రీ ముందే కనిపెట్టి డిస్క్‌లో పెట్టాడు. తొంభై తొమ్మిది శాతం దగ్గర అది నిలిచిపోయింది. కెజియా దాన్నీ, పై అధికారులనూ, తొమ్మిదేళ్లనూ కలిపి తిట్టింది. చివరికి కదిలింది.

మూడు యాభై ఆరు. లిస్టులోని నంబర్లను పోలేరయ్య చదువుతూ పోయాడు. ముఠా ఒక్కటీ మార్చలేదు. ముందుగా అతని తమ్ముళ్ల పడవకు ఒక్కదానికే కబురు పంపారు. అందింది అన్నా, అని జవాబొచ్చింది. మూడు యాభై తొమ్మిదికి కెజియా మిగతా అన్నిటికీ పంపింది: వెంటనే ఒడ్డుకు రండి.

ఆరున్నరకు చివరి పడవ ఒడ్డు చేరేసరికి గాలి మొదలైంది. తీరంలో కాచుకున్న కోస్ట్ గార్డ్ ముఠా పడవను పట్టుకుంది. పోలేరయ్య తమ్ముళ్ల తలలు తుడుస్తూ ఏడ్చాడు. కెజియాకు మాత్రం కోపం ఇంకా దిగలేదు.

గిరిబాబు ఫోన్ చేశాడు. అభినందనలు ఒక్క వాక్యంలో అయిపోయాయి. తర్వాత అసలు విషయానికొచ్చాడు. అప్‌గ్రేడ్‌కు అనుమతి ఎవరిచ్చారని పైనుంచి అడుగుతున్నారట.

"హెన్రీ ఇచ్చినాడు సార్."

"సంతకం ఉందా?"

"ఉంది సార్. మనుబోలు కాడ, రోడ్డు మీద పెట్టినాడు. వాన వచ్చేలోపల పోయి చూసుకోమనండి."