పెర్పెత్ బావి దగ్గర మూడు దెబ్బలు

2019 జూన్ 23, ఆదివారం. ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చి మూడు రోజులే అయింది. పొద్దుటి నుంచి తెరిపి లేకుండా కురిసి, సాయంత్రం ఐదింటికి ఎవరో మూత పెట్టినట్టు ఆగిపోయింది. కొబ్బరాకుల కొసల నుంచి మాత్రం చుక్కలు రాలుతున్నాయి. మర్నాడు సాంజావ్ పండుగ. గోవాలో కిరస్తానీ కుర్రాళ్లు తలకు పూలకిరీటాలు పెట్టుకుని, డప్పులు కొట్టుకుంటూ, ఊళ్లో ఉన్న బావులన్నిట్లోకీ దూకే రోజు.

అన్నిట్లోకీ అన్నాను గాని, పాల్మార్ వాడో అనే పేటలో ఒక బావి ఉంది. దాన్లోకి దూకేవాడు లేడు. దీపాలు పెట్టాక దాని పక్క నుంచి నడిచేవాడు కూడా లేడు.

పెర్పెత్ బావి అంటారు. రాత్రిపూట అక్కడ రాగి బిందె రాతికి తగిలిన చప్పుడు... మూడుసార్లు. కాసేపు ఆగుతుంది... మళ్లీ మూడు. బిందె కొడుతున్నది చచ్చిపోయిన పెర్పెత్ ముసలమ్మ అనీ, తన ఇల్లు పరాయివాళ్లకు అమ్మినందుకు నిద్రపట్టక తిరుగుతోందనీ చెప్పుకునేవారు. రొట్టెలవాడు సైకిలు మీద హారను కొట్టుకుంటూ ఊరంతా తిరిగినా, చీకటి పడితే ఆ మలుపు దగ్గర దిగి, సిలువ గీసుకుని, చుట్టుదారిన పోయేవాడు.

ఈ కథను ఊరికి చెప్పినవాడు ఇనాసియో ఫుర్తాద్. ముప్పై ఏళ్లు ఓడల్లో వంటవాడుగా చేసి వచ్చి, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న డెబ్భై రెండేళ్ల మనిషి. అతని వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ బావి యాభై అడుగుల దూరంలో కనిపిస్తుంది.

కథ చెప్పినవాడే కాదు, బిందె కొట్టినవాడూ అతనే. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

పెర్పెత్ ముసలమ్మ నిజానికి తొంభై ఏళ్లు బతికి, చేతిలో జపమాలతో నిద్రలోనే పోయింది. అంత నెమ్మదైన మనిషి దెయ్యమవటానికి ఏ కారణమూ లేదు. ఆమె కొడుకు లిస్బన్‌లో కూర్చుని, ఊళ్లో ఒక్కరికీ మాట చెప్పకుండా, ఫోన్లోనే ఇల్లు అమ్మేశాడు. కొన్నవాళ్లు కలకత్తా నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆయన బాగ్చీ, రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె పేరు సుచరిత.

అప్పటికే వాడోలో సగం ఇళ్లు అలా చేతులు మారాయి. కొండమీద అపార్టుమెంట్లు లేచాయి. బయటివాళ్లు వచ్చి కోడి కూస్తోందని ఒకడూ, చర్చి గంట మోగుతోందని ఒకడూ ఫిర్యాదులు పెట్టారు.

"రేపు మనం దగ్గామని కూడా రాసిస్తారు," అనేది సారా కొట్టు రోజ్‌మరీ.

బాగ్చీ కోడిమీద గాని గంటమీద గాని ఫిర్యాదు పెట్టలేదు. ఆయన బావికి ఇనుప జాలీ వేయించాడు. తోడుకునేందుకు దానికో చిన్న తలుపు, తలుపుకో తాళం.

2018 సాంజావ్ నాడు కుర్రాళ్లు డప్పులతో వచ్చి ఆ తాళం చూసి నిలబడిపోయారు. ముందు ఇనాసియో ఉన్నాడు.

"తాళం తీయండి బాబూ. దూకి పోతారు. పది నిమిషాలు."

"తాగి ఉన్నారు," అన్నాడు బాగ్చీ. "ఒకడు పోతే పోలీసులు ఎవరింటికి వస్తారు?"

"ఈ బావిలో ఎవరూ పోలేదు. నా పెళ్లయిన ఏడు నేను దూకింది దీన్లోనే."

"సంతోషం. ఇప్పుడు బావి నాది."

మాట తప్పేమీ కాదు. కాగితం ప్రకారం నిజం కూడా. కాని అక్కడ ఆ రోజున బావి ఇవ్వననడమంటే గడపలోకి వచ్చినవాడి ముఖాన తలుపు వేయడమే. కుర్రాళ్లు కిరీటాలు తీసి చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగారు. ఇనాసియోకి ఆ వెనక్కి తిరగడం గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఆ వారమే అతను పెర్పెత్ దెయ్యాన్ని పుట్టించాడు. ముందు సారా కొట్లో మెల్లగా, వద్దు వద్దంటూనే, కథ చెప్పాడు. తర్వాత తన బిందె తీసుకుని వెళ్లి కొట్టడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా బాగ్చీల పనిమనిషి మానేసింది. తోటమాలి మానేశాడు. ఊరు నమ్మింది. ఊరు నమ్ముతుందని ఇనాసియో అనుకోలేదు, బాగ్చీలు బెదిరిపోతే చాలనుకున్నాడు... కాని నమ్మాక చెప్పడం ఎలా? నేనేనంటే నవ్విపోతారు.

ఆగస్టు రెండో వారంలో ఒక రాత్రి. కరెంటు లేదు. సన్నగా వాన. ఇనాసియో వెళ్లి కొట్టాడు — మూడు. ఆగి, మూడు. ఇంట్లోంచి టార్చి వెలుగు బయటికి రావడం చూసి, అరటిచెట్ల చాటున పరుగెత్తి ఇంటికొచ్చేశాడు. తలుపేసుకుని, ఆయాసంతోనే నవ్వుకున్నాడు.

వాన పెద్దదైంది.

అప్పుడు వినిపించింది... ఠంగ్. ఠంగ్. ఠంగ్.

బిందె అతని చేతిలోనే ఉంది. నీళ్లు కారుతున్నాయి. బావి దగ్గర ఎవరు?

మళ్లీ మూడు. వాటి వెనక ఒక ఆడగొంతు, వానలో ముక్కలు ముక్కలుగా.

వాడోలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. రోజ్‌మరీ కిటికీ మూసుకోవడం అతనికి స్పష్టంగా వినిపించింది, దాని గడియ కీచుమంటుంది. అందరికీ అది పెర్పెత్. ఊరు మొత్తంలో అది దెయ్యం కాదని తెలిసినవాడు ఒక్కడే.

అతను లాంతరు వెలిగించాడు. చెప్పులు వెతుక్కున్నాడు. గడియమీద చెయ్యి వేశాడు.

తలుపు పక్కన బిందె, మోకాళ్లదాకా బురద, తడిసిన చొక్కా... ఇప్పుడు వెళితే ఈ వేళప్పుడు ఇలా ఎక్కణ్నుంచి వచ్చావంటారు. రేపు సారా కొట్లో ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి?

లాంతరు ఆర్పేశాడు. దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. చాలాసేపు ఆ చప్పుడు ఆగలేదు. ఎప్పుడు ఆగిందో అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున రొట్టెలవాడు చూశాడు. బాగ్చీ బావిలో ఉన్నాడు. చప్పుడు లోపలి నుంచి వస్తోందనుకుని ఆయన జాలీ తలుపు తీసి, టార్చి వేసి ఒంగి చూడబోయి, పాకుడుకు జారాడట. గట్టున సుచరిత తాడు చేతికి చుట్టుకుని కూర్చుని ఉంది. చేతిలో సొట్టలు పడిన రాగి బిందె.

అంత్యక్రియలకు ఊరివాళ్లు నలుగురు వెళ్లారు. అందులో ఇనాసియో లేడు. ఆ మధ్యాహ్నమే అతను తన బిందెను నదిలో పారేశాడు.

ఇక ఆ జూన్ 23కి వస్తాను.

వాన ఆగాక సుచరిత రోజ్‌మరీ చేత కబురు పెట్టింది — వాడోలో అందరికంటే పెద్దవాడు, ఇనాసియో గారిని ఒకసారి రమ్మనండి.

"వెళ్తావా మామా? దీపాల వేళ దాటుతోంది," అంది రోజ్‌మరీ.

"వెళ్లాలి."

"జేబులో జపమాల పెట్టుకో."

బావి గట్టు పక్కనే రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. మధ్య స్టూలుమీద లాంతరు, టీ, గిన్నెలో మరమరాలు. స్టూలు కింద రాగి బిందె బోర్లించి ఉంది. అతను దాన్ని చూసి చూపు తిప్పుకున్నాడు.

"కూర్చోండి, ఇనాసియోబాబు. చక్కెర ఎంత?"

"వద్దమ్మా. నాకు షుగరు."

"ఆయనకూ ఉండేది. దొంగతనంగా తినేవాడు." ఆవిడ కప్పు అందించింది. "రేపు తాళం తీస్తాను. జాలీ కూడా విప్పిస్తాను. కుర్రాళ్లను రమ్మనండి."

"రారమ్మా."

"భయమా?"

అతను తలూపాడు.

"పాపం. నాకు వాళ్లమీద కోపం లేదు. దెయ్యమని నమ్మినవాళ్లు ఎలా వస్తారు?" అంది. గొంతు మామూలుగానే ఉంది, కూరగాయల సంగతి చెబుతున్నట్టు. "అరిస్తే వానలో వినపడటం లేదని బిందెతో రాయిమీద కొట్టాను. మూడు కొట్టడం... ఆగి వినడం. ఆయన నాలుగింటిదాకా ఉన్నాడు, తెలుసా? తాడు నడుముకు కట్టుకున్నాడు గాని లాగే బలం నాకు లేదు. మాట్లాడుతూనే ఉన్నాడు."

ఇనాసియో తాగబోతున్న కప్పు కింద పెట్టేశాడు.

"కిటికీలన్నీ మూసుకున్నాయి. ఒక్క కిటికీలో మాత్రం లాంతరు వెలిగింది. ఎవరో లేచారండీ, వస్తున్నారు అని ఆయనకు చెప్పాను. నవ్వాడు. చూశావా, మంచివాళ్లే అన్నాడు."

కొబ్బరాకు నుంచి ఒక చుక్క లాంతరు గాజుమీద పడి చుయ్‌మంది.

"తర్వాత అది ఆరిపోయింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. వస్తున్నారు, వస్తున్నారు... అనే చెప్పాను. చివరిదాకా."

ఆవిడ అతని కిటికీ వైపు చూడలేదు. చూడవలసిన పని లేదు.

అతను స్టూలు కింద బిందె వైపు చూశాడు. "దీపం ఒక్కటే కాదమ్మా... ఆ రాత్రి మొదట కొట్టింది... అంతకుముందు నెలన్నర నుంచి కొట్టింది... నేనే."

ఆవిడ ఒక్కసారిగా తిరిగింది.

"అంటే ఆయన్ని బయటికి పిలిచింది మీరు."

"అవును."

"దీపం సంగతి తెలుసు నాకు. ఇది తెలియదు."

"మన్నించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను. ఒక్క మాట..."

ఆవిడ అతని కప్పు తీసి, చల్లారిన టీని నేలమీద పారబోసింది. అప్పుడు మెల్లగా అడిగింది.

"మరి ఇప్పుడు రోజూ కొడుతున్నది కూడా మీరేనా?"

"ఇప్పుడా?"

"ఆయన పోయిన పదకొండో రోజు నుంచి. ఈ వేళకే. ఎవరో కుర్రాళ్లనుకుని ఊరుకున్నాను."

"లేదమ్మా. నా బిందె ఆ రోజే నదిలో..."

ఠంగ్.

ఇద్దరూ బావి వైపు చూశారు. జాలీ తలుపుకు తాళం వేసి ఉంది. గట్టుమీద ఏమీ లేదు. స్టూలు కింద బిందె బోర్లించినట్టే ఉంది.

ఠంగ్... ఠంగ్.

ఆగింది. ఎవరో వింటున్నట్టు ఆగింది.

ఇనాసియో కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ లాంతరు తీసి అతని చేతిలో పెట్టింది.

"వెళ్లండి," అంది. "ఈసారైనా వెళ్లండి."

అతను వెళ్లాడు. పది అడుగులు. జాలీమీద లాంతరు ఆనించి లోపలికి చూశాడు. నల్లటి నీళ్లు... వాటిలో ఊగుతున్న ఒక దీపం... దాని వెనక తన ముఖం. అంతే. ఎంతసేపు నిలబడ్డాడో. వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది, ఇంటి తలుపు వేసి ఉంది.

మర్నాడు జాలీ విప్పారు. ఊరంతా దూరంగా నిలబడింది. ఇనాసియో పూలకిరీటం చేత్తో పట్టుకుని, తను చేసింది మొదటి నుంచి చివరిదాకా, దీపం ఆర్పడంతో సహా, బిగ్గరగా చెప్పాడు. డప్పు కొట్టేవాడి చెయ్యి ఆగిపోయింది.

"మామా," అంది రోజ్‌మరీ, "పెర్పెత్ దెయ్యమే నయం కదయ్యా."

అతను కిరీటం పెట్టుకోలేదు. గట్టుమీద వదిలేసి, డెబ్భై రెండేళ్ల ఒంటితో దూకాడు. బయటికి లాగడానికి కాసేపటిదాకా ఎవరూ తాడు వెయ్యలేదు. చివరికి వేసింది ఆవిడే. ఆ తర్వాత కుర్రాళ్లు దూకారు.

సుచరిత బాగ్చీ 2022 ఫిబ్రవరిలో పోయింది. శవపేటిక పక్కన కూర్చోవడానికి అలవాటైన ఊరు, ఆవిడను పాడెమీద మోసింది. వీలునామా సారా కొట్లోనే చదివారు. ఇల్లు కలకత్తాలో ఉన్న చెల్లెలి కూతురికి. బావి, బావి చుట్టూ నాలుగు గజాల నేల, రోడ్డుదాకా దారి — వాడోకి; తాళం మాత్రం ఎప్పటికీ వెయ్యకూడదు. చివరి మూడు నెలలు గంజి కాచి పోసిన రోజ్‌మరీకి ఆవిడ కుట్టుమిషను. ఇల్లు తిరిగి కొంటానని లిస్బన్ నుంచి ఉత్తరాలు రాసిన పెర్పెత్ కొడుక్కి ఏమీ లేదు.

ఇనాసియోకి సొట్టలు పడిన రాగి బిందె. ఆ రోజు బావి దగ్గర అతను అడిగిన ఒక్క మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివించుకున్నాడు.

బిందెను వంటింట్లో కిటికీ పక్కన పెట్టుకున్నాడు. రాత్రి మూడు దెబ్బలు వినిపిస్తాయంటాడు. ఊళ్లో ఇంకెవరికీ వినిపించవు. వినిపించినప్పుడల్లా లేచి, చెప్పులు వేసుకుని బావిదాకా వెళ్లి, తొంగిచూసి వస్తాడు. వానైనా సరే. వెళ్లేటప్పుడు లాంతరు కిటికీలోనే వదిలి వెళతాడు, వచ్చాక కూడా ఆర్పడు.