పదిహేడు గౌన్ల బాకీదారు

"ఫొటోలు చూసి నా బతుకు తేల్చేసిన మహానుభావుడు ఎవరండీ ఇక్కడ?"

ఆఫీసు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది. అందరి వేళ్ళూ టక్కున నా వైపు తిరిగాయి. మన కొలీగ్స్‌కి మనమంటే ఎంత ప్రేమో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మాది అప్పులిచ్చే కంపెనీ. ఎవరైనా వాయిదా తగ్గించమని అడిగితే, వాళ్ళు సోషల్ మీడియాలో ఏం పోస్ట్ చేస్తున్నారో నేను చూడాలి. నిజంగా కష్టాల్లో ఉన్నారా, మా చెవిలో పువ్వు పెడుతున్నారా అన్నది రిపోర్ట్ రాయాలి. కొత్త బైకు పక్కన ఫోజు కొట్టినవాడు నాకు దొరికిపోతాడు. అందుకే ఆఫీసులో నన్ను డిటెక్టివ్ అంటారు. ఆ పేరంటే నాకు కాస్త పొగరు కూడాను.

"నేనేనండీ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు." మా కంపెనీ నోటీసు తీసి నా టేబుల్ మీద పెట్టింది. "నేను టైలర్‌ని. మా బామ్మ కంటి ఆపరేషన్ వల్ల ఆమధ్య రెండు నెలలు సరిగ్గా కుట్టలేకపోయాను. ఆరు నెలల పాటు సగం వాయిదా కడతానని అడిగాను. మీరేమో కుదరదు, శుక్రవారంలోగా బకాయి మొత్తం కట్టు, లేకపోతే కుట్టుమిషన్లు పట్టుకుపోతాం అంటున్నారు. మిషన్లు పోతే నేను దేంతో కుట్టాలి, మీ అప్పు దేంతో తీర్చాలి?"

నేనేం తక్కువ తిన్నానా? కంప్యూటర్ ఆమె వైపు తిప్పాను.

"నెలన్నరలో పదిహేడు గౌన్లు మేడమ్. వేసుకున్నది మళ్ళీ వేసుకోలేదు. అన్నీ పెద్ద హోటల్ లాబీలో దిగినవే. పైగా ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్ ఒకరు. ఇలా వంకరగా, నుదురు తెగిపోయేలా తీయడం ఈమధ్య స్టైల్ కదా? వాళ్ళు బాగా చార్జ్ చేస్తారు."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టింది. కోపంలోనే బాగుందనుకున్నాను. నవ్వితే నా పని అయిపోయింది.

"ఆ ఫొటోగ్రాఫర్‌ని కలుస్తారా? నడిస్తే పది నిమిషాలు."

లంచ్ టైమ్‌లో బయల్దేరాం. సన్నగా జల్లు పడుతోంది. గొడుగు ఆమెది. వాన నాది. రమ్మంటుందేమోనని రెండుసార్లు ఆమె పక్కకి జరిగాను. గొడుగు కూడా అంతే దూరం అవతలికి జరిగింది.

తాళాల షాపు పైన ఒకే గది. రెండు మిషన్లు, గోడ వారగా హ్యాంగర్లకి గౌన్లు, ప్రతిదానికీ ఎవరిదో పేరు రాసిన చీటీ. మూల కుర్చీలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఓ పెద్దావిడ.

"బామ్మా, నువ్వు ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్‌వట. బాగా చార్జ్ చేస్తావట."

"ఎవరే ఆ అమాయకుడు?" అంది బామ్మ. "నాకు ఒక కన్ను మసక. ఫోన్‌లో నీ తల ఎక్కడుందో తెలిసి చస్తే కదా!"



తర్వాత మనవరాలు అన్నీ వివరంగా చెప్పింది. గౌన్లన్నీ కస్టమర్లవి. మోడల్‌ని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి, డెలివరీకి ముందు కస్టమర్‌ని అడిగి తనే వేసుకుంటుంది. హోటల్ రిసెప్షనిస్టుకి యూనిఫామ్ కోటు ఊరికే సరిచేసి పెట్టింది. అందుకు ఆ రిసెప్షనిస్టు రోజూ పది నిమిషాలు ఈమెని లాబీలో నిలబడనిస్తుంది. కొలతలు వేరేవాళ్ళవి కాబట్టి, వీపు మీద గౌను లాగి క్లిప్పులు పెడుతుంది. వెనక నుంచి తీసిన ఫొటో ఒకటి చూపించింది. మెడ నుంచి నడుం దాకా పదకొండు క్లిప్పులు.

"ముందు నుంచి మహారాణిని. వెనక నుంచి బట్టలారేసిన తీగని," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఆ ఫొటోలు తీసెయ్యండి. కష్టాల్లో ఉన్నానని ఒక పోస్ట్ పెట్టండి. మా వాళ్ళు అదీ చూస్తారు," అన్నాను.

ఒంటికాలి మీద లేచింది. "ఫొటోలు తీసేస్తే ఆర్డర్లు ఎక్కణ్ణించి వస్తాయి? నా కుట్టు చూసి రావాలి గానీ, నా ఏడుపు చూసి రాకూడదు. అప్పు చేసినంత మాత్రాన మాసిన బట్టల్లోనే కనపడాలా? నేను దొంగతనం చేశానా? బాకీ ఉన్నాను, తీరుస్తాను. తలెత్తుకునే తీరుస్తాను!"

ఇంతమంది బాకీదార్ల ఫొటోలు చూశాను గానీ, ఒక్కరి మాటా వినలేదు నేను. ఆ గదిలో నిలబడి విన్నాక, ఎవరో పరాయి అమ్మాయి గురించి నాకే గర్వంగా అనిపించింది. సిగ్గు సరేసరి.

ఆ మధ్యాహ్నమే రెండో రిపోర్ట్ రాశాను. 'మొదటి రిపోర్ట్ తప్పు. తప్పు నాది. ఆ ఫొటోలు విలాసం కాదు, ఆమె వ్యాపారం. మిషన్లు తీసుకెళ్తే బాకీ వసూలయ్యే దారి కూడా మూసుకుపోతుంది.'

మా మేనేజర్ మేడమ్ అది రెండుసార్లు చదివింది. "నీ తప్పు నువ్వే రాసిచ్చావ్. ఈ నెల ఇన్సెంటివ్ పోతుంది, తెలుసా?"

"తెలుసు మేడమ్. ఇంకోటి. ఇకమీదట ఈ ఫైల్ వేరేవాళ్ళకి ఇవ్వండి."

"ఎందుకు?"

"మళ్ళీ తప్పు రాస్తానేమోనని."

"ఈసారి ఎటువైపు తప్పు?"

నేను పెన్ను మేడమ్ ముందుకి జరిపాను. మేడమ్ ముసిముసిగా నవ్వుతూ సంతకం పెట్టింది. ఫైల్ వేరే సెక్షన్‌కి వెళ్ళింది, నా ఇన్సెంటివ్ గాల్లో కలిసింది. గురువారం సాయంత్రం సగం వాయిదాలకి ఒప్పుకున్నట్టు ఆమెకి మెసేజ్ వెళ్ళింది.

ఆ తర్వాత నా చొక్కాలన్నిటికీ ఏదో ఒక జబ్బు చేసింది. ఒకదానికి కాలర్, ఒకదానికి చేతులు. జబ్బు లేనివాటికి నేనే బొత్తాలు తెంపాను.

"ఏం బాబూ, ఒంటి మీద బట్ట నిలవదా నీకు?" అనేది బామ్మ.

మూడో నెలలో ధైర్యం చేసి అడిగేశాను. "మీరంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

మిషన్ ఆగింది. ఆమె తల వంచుకునే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇప్పుడు చెప్పను."

"కావాలంటే మిగిలిన బాకీ నేను..."

"ఆ మాట పూర్తి చేశారంటే ఈ కత్తెరతో నాలుక కోస్తా!" అని లేచింది. తర్వాత గొంతు తగ్గించింది. "అప్పు ఉండగా సరేనంటే, అప్పు కోసం సరేనందంటారు. ఎవరో అంటే పోనీలే. ఎప్పుడైనా మీకే అనిపిస్తే? అది నేను తట్టుకోలేను. ఆగుతారా?"

"ఆగుతాను," అన్నాను. ఎన్నాళ్ళని అడగలేదు.

పదకొండు నెలలు ఆగాను. ఆమె పోస్ట్ పెట్టిన ప్రతి గౌనూ చూశాను. ఇప్పుడు ఫొటోలో తల కూడా ఉంటోంది, బామ్మ రెండో కన్ను కూడా బాగైంది. ఆరు నెలలు కాగానే మళ్ళీ పూర్తి వాయిదా కట్టడం మొదలుపెట్టింది. ఒక్కటీ తప్పలేదు.

మొన్న సోమవారం మా కౌంటర్ దగ్గర ఆఖరి వాయిదా కట్టింది. స్టాంపు పడేదాకా కదలకుండా నిలబడింది. తర్వాత ఆ కాగితం పట్టుకుని, ఆఫీసంతా చూస్తుండగా, నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"చదవండి. పైకి."

"బాకీ ఏమీ లేదు," అని చదివాను.

"ఇప్పుడు నేను ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఎవరి దయా అక్కర్లేదు. మీరూ అక్కర్లేదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయినా మీరే కావాలి. పెళ్ళి చేసుకుంటారా?"

నేను కుర్చీలోంచి గబుక్కున లేచాను. క్యాబిన్ తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా, రిపోర్టులు పేజీలకి పేజీలు రాస్తావ్, ఒక్క ముక్క చెప్పలేవా?" అంది మేడమ్.

"చేసుకుంటాను!" అని అరిచాను. కౌంటర్ ముందు క్యూలో నిలబడ్డవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

కింద మెట్ల దగ్గర బామ్మ ఎదురుచూస్తోందట. ఇద్దరం దిగాం. ఆ అమ్మాయి ఎప్పటిలాగే తలెత్తుకుని నడిచింది. నేనైతే ఇంకో రెండంగుళాలు ఎక్కువే ఎత్తాను.