ఏడో పలకకి రెండు తట్లు

పొద్దుగూకాక గురిగొయ్యి వైపు వెళ్ళమంటే కొండ ఊరు రూటిబోడెన్‌లో పాస్టరుగారు కూడా మోకాలు నొప్పనేవారు. ఇంక మామూలు జనం సంగతి చెప్పాలా!

కాల్పుల షెడ్డుకి మూడువందల మీటర్ల అవతల, కొండ మొదట్లో, గురిపలకల కింద తవ్విన కందకం అది. పోటీ రోజున ఒక మనిషి అందులో దిగి కూచుంటాడు. తూటా తగిలిన చోట, పొడుగు కర్రకి బిళ్ళ బిగించిన గరిటె పైకెత్తి చూపిస్తాడు. చూడ్డానికి అలా ఉంటుందని దాన్నందరూ గరిటె అనే అంటారు.

ఇరవయ్యేళ్ళు ఆ గరిటె పట్టింది బాల్స్ ఎల్మర్. తన వంతు తను కాల్చేసి, మిగతా రోజంతా గోతిలోనే ఉండేవాడు. ఆయనకో అలవాటు. ఇంటివాళ్ళెవరైనా నడిమధ్యన కొడితే, గరిటె చూపించాక పలక రేకు మీద రెండుసార్లు తట్టేవాడు. టక్... టక్. ఊరివాళ్ళు ఎంత బాగా కొట్టినా ఆ తట్లు లేవు.

పోయిన వసంతంలో ఆ గోతిలోనే, గరిటె చేతిలో ఉండగానే, ఆయన గుండె ఆగిపోయింది.

అప్పట్నుంచీ చెడ్డపేరు. ఏడో పలక మీద ముసలాయన తుపాకీ గురి తప్పుతోంది. ప్రతి తూటా ఎడమకే! కన్నకొడుకుని కాదని తుపాకీ అల్లుడికిచ్చి పోయాడు కదా, ఇప్పుడు పశ్చాత్తాపపడి తనే ఊది పక్కకి తోస్తున్నాడని ఊరంతా గుసగుసలు.

ఆ కన్నకొడుకు పేరు మెల్క్. వడ్రంగి. ఊళ్ళో ఏ పాత సైనిక తుపాకీకి జబ్బు చేసినా అతని బల్ల మీదికే రావాలి. తూటాలు ఎడమకి ఎందుకు పోతున్నాయో అతనికి బాగా తెలుసు. దయ్యమూ లేదు, దిబ్బా లేదు. వేసవిలో, ఎవరూ లేనప్పుడు, గొట్టం చివరనుండే గురిముల్లుని వెంట్రుకవాసి కుడికి జరిపింది తనే. ముల్లు కుడికి జరిగితే తూటా ఎడమకి పోతుంది.

ఎందుకంటారా? కుళ్ళు. మరో పేరు లేదు దానికి.

ఇరవయ్యో ఏట తండ్రి తనకీ ఒక తుపాకీ ఇచ్చాడు. "వేలంలో దొరికింది, వాడుకో" అన్నాడు, అంతే. పోటీల్లో ఆకుకిరీటం బొమ్మున్న బహుమతి బిళ్ళలు గెలిచిన తన తుపాకీ మాత్రం పద్దెనిమిదేళ్ళు బీరువాలో దాచుకుని, చివరికి అల్లుడు ఫ్రిడ్లీ చేతిలో పెట్టాడు. తనకి తట్టినప్పుడు రేకు మెల్లిగా మోగేదట, అల్లుడికి తట్టినప్పుడు గట్టిగా మోగేదట! అలా లెక్కపెట్టుకుంటూ బతికాడు మెల్క్. నాన్న దృష్టిలో నేను మనిషినా, పనిముట్టునా? ఈ ఒక్క ప్రశ్న అతన్ని పురుగులా తొలిచేసింది.

అక్టోబరులో, ఏడాది ఆఖరి పోటీకి ముందురోజు, ఫ్రిడ్లీ తుపాకీ పట్టుకొచ్చాడు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా, దీని సంగతి చూడు. రేపు మావయ్య పేరు మీద కాల్చాలి. రేపూ ఎడమకే పోతే దీన్ని గోడకి తగిలించేస్తా. అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ. నవ్వితే పళ్ళు రాలవులే."

"నీకిచ్చుంటే బాగుండేది బావా..." అన్నాడు ఫ్రిడ్లీ తల వంచుకుని. నిజంగానే అన్నాడు పాపం. మెల్క్‌కి అదీ మండింది. ఈయన దానం చేస్తాట్ట!

అయినా లోపల భయం పట్టుకుంది. రేపు ఎవరైనా అనుభవమున్నవాడు ముల్లు చూస్తే, ముల్లు మీది గీతా గొట్టం మీది గీతా కలవడం లేదని ఇట్టే పట్టేస్తాడు. అందుకని సాయంత్రం ఆ తుపాకీనీ తనదాన్నీ భుజాన వేసుకుని ఒంటరిగా షెడ్డుకెళ్ళాడు. ఫ్రిడ్లీదాని ముల్లుని జరిపి గీతకి గీత కలిపాడు. కొవ్వొత్తి మసి పట్టించాడు, మెరవకుండా. ఏడో పలకకి ఎదురుగా పడుకున్నాడు.

లోయంతా పొగమంచు... పలక తెల్లగా, మసకగా.

ఢాం!

అవతల గోతిలోంచి... మెల్లగా... గరిటె లేచింది.

మెల్క్ తల పైకెత్తి చూశాడు. గోతిలో ఎవరూ లేరు. ఉండకూడదు! గరిటె ఎడమ అంచు మీద ఆగింది. ఒక క్షణం నిలబడి, దిగిపోయింది.

ముల్లు సరిచేశాక కూడా ఎడమకా?

పారిపోవాల్సిన మనిషి. కానీ భయం కంటే కడుపుమంట పెద్దది. "చచ్చాక కూడా నాతో ఆటలేనా నాన్నా?" అని పళ్ళు కొరుకుతూ మళ్ళీ గుండు ఎక్కించాడు.

ఢాం!

గరిటె లేచింది. అదే ఎడమ. అదే చోటు.

చేతుల్ని పనిలో పెట్టాడు. మరలు బిగించి చూశాడు, వదులు లేవు. చెమ్మకి కర్ర ఉబ్బి గొట్టాన్ని ఒరుసుకుంటోందేమోనని మధ్యలోంచి కాగితం లాగి చూశాడు, హాయిగా జారింది. గొట్టం మూతి వేలితో తడిమాడు, సొట్ట లేదు. పావుగంట వెతికినా తప్పు దొరకలేదు.

తప్పు చేతిదేనేమో అని తన తుపాకీ తీసుకున్నాడు. చీకటి కమ్ముకొస్తోంది.

ఢాం!

కాసేపు ఏమీ లేదు.

తర్వాత... గరిటె లేచింది. నడిమధ్యన నిలబడింది. టక్... టక్.

మెల్క్ తుపాకీ కింద పెట్టేశాడు. అదే క్షణాన వెనక తలుపు కిర్రుమంది.

"బుద్ధుందా అన్నయ్యా నీకు! గోతిలో మనిషుందేమోనని ఒక్క కేక వెయ్యక్కర్లేదా?"

చెల్లెలు రేగులా. ఫ్రిడ్లీ పెళ్ళాం. చేతినిండా జిగురు.

"నువ్వా... గోతిలో ఉంది నువ్వా?"

"మరి? రేపటికి పలకలకి కాగితాలు అంటించాలిగా. కాలుస్తుంది మా ఆయనే అనుకుని గరిటె చూపించా. రెండుసార్లు."

"మూడు."

"రెండే. చీకటి పడుతోందని పక్క గోడ చాటునుంచి వచ్చేశా. మూడోది పేలేసరికి ఈ షెడ్డు మెట్ల మీదున్నా."

"మరి ఇప్పుడు గరిటె లేచింది కదే! మధ్యలో... రెండు తట్లు..."

రేగులా చంకలోంచి తీసి చూపించింది. గరిటె. ఊరికంతటికీ ఉన్నది ఆ ఒక్కటే. నాన్నదని రోజూ ఇంటికి తీసుకెళ్ళిపోతుంది.

మెల్క్ రెండు తుపాకుల్నీ మార్చి మార్చి చూశాడు. అక్కడి సైనిక తుపాకుల్లో ఒకటికీ మరోదానికీ పోలికలో తేడా ఉండదు, అన్నీ ఒకే అచ్చు. భుజానికి ఆనించే కట్టె వెనక రేకు కింద మాత్రం సైనికుడి పేరున్న చీటీ ఒకటి ఉంటుంది. యుద్ధంలో పోతే గుర్తుపట్టడానికి రాసిన చీటీ. బతికుండగా దాన్ని తీస్తే కీడని ఎవరూ ఆ రేకు విప్పరు. అతనూ ఎన్నడూ విప్పలేదు.

ఆ సాయంత్రం విప్పాడు.

ముందు ఫ్రిడ్లీది. లోపల పసుపుపచ్చగా మాగిన కాగితం. ఎవరో హైరీ, పక్క లోయ మనిషి. వేలంలో కొన్న తుపాకీ అది! తూటాని ఎడమకి విసిరే పుట్టుచెడ్డ తుపాకీ. దానితో పద్దెనిమిదేళ్ళు, ప్రతిసారీ కొంచెం కుడికి గురిపెట్టి, ఎవరికీ చెప్పకుండా కాల్చాడన్నమాట ముసలాయన.

తర్వాత తనది విప్పాడు. రేగులా లాంతరు దగ్గరగా పట్టుకుని చీటీ పైకి చదివింది.

"బాల్స్ ఎల్మర్, రూటిబోడెన్. వెనకాల పెన్సిలుతో కూడా ఉంది అన్నయ్యా... నాన్న రాతే. 'మంచిది మెల్క్‌కి. చెబితే తీసుకోడు.'"

మెల్క్ నేల మీద కూచున్నాడు. తుపాకీని ఒళ్ళోకి తీసుకుని పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇంతకీ ఇన్నాళ్ళూ ఎవర్ని చూసి ఏడ్చావు అన్నయ్యా?" అంది రేగులా నెమ్మదిగా.

అతను జవాబు చెప్పేలోపే, ఎవరూ లేని గోతిలోంచి వినిపించింది. టక్... టక్.

ఈసారి గట్టిగానే.