ఎర్ర దారం కట్టని సీసా

సుగంధ తైలాలకి శత్రువులు మూడు: వెలుతురు, వేడి, గాలి. నాలుగోవాడు మా మరిది గిరిబాబు.

బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో లారీలు సరుకు దించే వరసలో మా దుకాణం ఉంది. ముందు గదిలో కౌంటరు, కూలరు, ఒక బల్ల. వెనక గదిలో తైలాలు. నిమ్మగడ్డి, వట్టివేరు, లవంగం, నీలగిరి, ఇంకో ఇరవై రకాలు. రాయ్‌పూర్, నాగ్‌పూర్‌లలో అరోమాథెరపీ చేసేవాళ్ళు మా దగ్గరే కొంటారు. ఆ వెనక గది కిటికీకి నల్ల కాగితం అంటించి ఉంటుంది. ఏసీ ఆపం. పని ఉన్నప్పుడే దీపం వేస్తాం. తైలాన్ని ముదురు రంగు గాజు సీసాలోనే పెట్టాలి. అంచుదాకా నింపాలి. ఎక్కడికి మోసినా నిలబెట్టే మొయ్యాలి. ప్లాస్టిక్‌లో పొయ్యకూడదు, తైలం దాన్ని తినేస్తుంది. నేను కెమిస్ట్రీలో బీఎస్సీ చేశాను. ఈ నాలుగు ముక్కలూ నాలుగు వందలసార్లు చెప్పి ఉంటాను. విన్నది కనకం ఒక్కతే.

కనకం మొగుడు లోకో షెడ్‌లో ఖలాసీగా చేసి పోయాడు. ఆమెకి చదువు రాదు. ముక్కు మాత్రం బంగారం. చీటీ చూడకుండా, వాసనతోనే ఏ సీసా ఏదో చెప్పేది. అయితే ఎంత మంచి ముక్కయినా వరసగా మూడు సీసాలు చూస్తే మొద్దుబారిపోతుంది. అప్పుడు మన మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని గట్టిగా పీల్చాలి. సొంత ఒంటి వాసన తగిలితే ముక్కు మళ్ళీ మొదటికొస్తుంది. అది నేనే నేర్పాను. ఆ గదిలోంచి రోజంతా అదే చప్పుడు వినపడేది. మూడు చిన్న పీల్పులు. తర్వాత ఒక పొడుగు పీల్పు.

నోట్లోకి పోతే ప్రాణం తీసే తైలాల సీసాల మెడకి ఎర్ర దారం కట్టేవాళ్ళం. చదవలేని కనకం కోసం పెట్టిన గుర్తు అది.

మొన్న మార్చిలో కనకం ఆ గదిలోనే చచ్చిపోయింది.

గిరిబాబు ఇక్కడికి దగ్గర్లోని కోటా అవతల, ఆకు కాచి తైలం తీసే ఒక బట్టీ దగ్గర నీలగిరి తైలం కొన్నాడు. డబ్బాల్లో తెస్తే రైల్లో ఎక్కనివ్వరు, అంటుకునే సరుకు కదా. అందుకని ఖాళీ మంచినీళ్ళ సీసాలు ఆరింటిలో పోసి, సంచీలో వేసుకుని, కర్గీ రోడ్ స్టేషన్లో పాసింజరెక్కాడు. “నీళ్ళ సీసాలయితే ఎవుడడుగుతాడు వదినా!” అని నా ముందు గొప్పలు పోయాడు. వాటిని వెనక గదిలో పెట్టడం నేను చూశాను. “ముందు ఎర్ర దారం కట్టు” అన్నాను. “తినేసి కడతాను” అన్నాడు. నేను సరే అన్నాను.

ఆ సరే అన్నది నేనే.

కనకం పొద్దుటినుంచీ ఆ గదిలో తైలాలు వంపుతూనే ఉంది. ముక్కు చచ్చిపోయి ఉంటుంది. పని ఆపి దీపం ఆర్పేసాక దాహం వేసి ఉంటుంది. చీకట్లో చేతికి నీళ్ళ సీసా తగిలింది. మనవాళ్ళు సీసాకి పెదవి ఆనించరు కదా, ఎత్తి గొంతులోకి పోసుకుంటారు. మంట తెలిసేలోపు మూడు గుక్కలు దిగిపోయాయి.

పోలీసు థానాలో గిరిబాబు ఏమన్నాడో తెలుసా? ఇంట్లో బాధలున్నాయి సార్, తెలిసే తాగింది, అన్నాడు. నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

నెల తిరక్కుండా కనకం కూతురు శ్వేతని పనిలో పెట్టుకున్నాడు. తల్లి పని పిల్లకిచ్చానని వీధంతా చెప్పుకున్నాడు, పెద్ద దాతలాగ. శ్వేతకి ఇరవై నాలుగేళ్ళు. ముందు గదిలో కూర్చుని చీటీలు రాస్తుంది. సరుకు కావలసినప్పుడు మాత్రం వెనక్కి వెళ్ళి తెస్తుంది.

ఏప్రిల్ చివర్లో సీసాల్లో తైలం తగ్గడం మొదలైంది. మూతలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఒక్కోదాంట్లో వేలెడు, రెండు వేళ్ళు తక్కువ. వారం తిరిగేసరికి ఏ వరస చూసినా అంతే.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ నలభై అయిదు దాటింది. వడగాలికి షట్టరు దడదడలాడుతోంది. గిరిబాబు ఒక సీసా తెచ్చి శ్వేత ముందు బల్లమీద కొట్టినట్టు పెట్టాడు.

“ఏటిది? మూత తియ్యకుండా నూనె తగ్గిపోతాదేటి?”

“నేను ముట్టుకోలేదు అంకుల్. కసమ్ సే, ఒట్టు.”

“పార్లర్లకి అమ్ముకుంటన్నావు. నాకు తెల్దనుకున్నావా? సాయంత్రం అయిదుకి థానాలో దరఖాస్తు ఇచ్చెత్తాను. ఆల్లే కక్కిస్తారు.”

“ఆంటీ, మీరు చెప్పండి ప్లీజ్...” శ్వేత నావైపు తిరిగింది.

“ఆవిడేటి సెప్తాది? తల్లి బుద్దే పిల్లకీని.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నోర్ముయ్ గిరీ! తల్లి గురించి ఇంకొక్క మాటన్నావంటే చెప్పు తెగుతుంది.”

నేను వెనక గదిలోకెళ్ళి దీపం వేశాను. ముందు వరసలో ఏడు సీసాలు పెట్టాను. ఒక్కోదాని వెనక ఫోను లైటు పట్టుకుని, తైలం ఎంతవరకుందో అక్కడ బయట పట్టీ అంటించాను. మూతల మీదుగా కాగితం చుట్టి గిరిబాబు చేత సంతకాలు పెట్టించాను.

“ఇప్పుడు ఒంటిగంటన్నర. ఈ పిల్ల నీ ఎదురుగుండా కూర్చుంటుంది, కదలదు. నేను లోపల కూర్చుంటాను. తగ్గకపోతే నీ ఇష్టమొచ్చిన చోటికి పో.”

“అచ్ఛా! సీఐడీ వదిన!” అని పళ్ళికిలించాడు.

దీపం ఆర్పి తలుపేసుకున్నాను.

బయట కళ్ళు పేలిపోయే ఎండ. లోపల నా చెయ్యి నాకు కనపడడం లేదు. స్టూలు తడుముకుని కూర్చున్నాను. మొదట అన్ని వాసనలూ ఒక్కసారి మీదపడ్డాయి. నిమ్మగడ్డి ఘాటు, లవంగం మంట, అడుగున వట్టివేరు తడిమన్ను వాసన. తర్వాత ఒక్కొక్కటే సన్నగిల్లాయి. పావుగంటలో ఏమీ లేకుండా పోయాయి. ముక్కు మొద్దుబారిందని తెలుసు. అయినా వాసన లేని ఆ చీకటి నాకు నచ్చలేదు. గదిలో ఉన్నవేమీ లేనట్టు, లేనిదేదో ఉన్నట్టు అనిపించింది.

బయట ఒక లారీ వెనక్కొస్తూ కూసింది. హమాలీలు అరుచుకున్నారు. తర్వాత వాళ్ళూ నీడకి పోయినట్టున్నారు.

కరెంటు పోయింది.

ఏసీ ఒకసారి మూలిగి ఆగింది. ముందు గదిలో కూలరూ ఆగింది. గిరిబాబు కరెంటువాళ్ళని తిట్టడం వినిపించింది. తర్వాత అదీ ఆగింది. చెమట మెడమీదనుంచి వీపులోకి దిగుతోంది.

అప్పుడు వినిపించింది.

చిన్న పీల్పు.

ఎలకేమో అనుకున్నాను. కాలితో నేలని తన్నాను.

మళ్ళీ చిన్న పీల్పు. ఇంకొకటి... పై అరలోంచి. ఎవరో సీసా మూత దగ్గర ముక్కు పెట్టి చూస్తున్నట్టు.

మూడు.

నాలుగోదాని కోసం ఊపిరి బిగబట్టాను. పొడుగు పీల్పు రాలేదు. వెతుక్కుంటున్నట్టు బట్ట రాపిడి మాత్రం... అటు... ఇటు...

తర్వాత గుటక. ఎత్తి పోసుకుంటే గొంతులో పడే చప్పుడు. గటక్... గటక్... నా ఎదురుగా, ఏడు సీసాల వరస దగ్గర. ఒక్క మూత తిరిగిన చప్పుడు లేదు.

మళ్ళీ మూడు పీల్పులు. ఇంకా దగ్గరగా.

మళ్ళీ గుటక.

లేచి పారిపోదామనుకున్నాను. లేవబోయేసరికి ఒళ్ళో పెట్టుకున్న ఫోను ఎక్కడో జారిపోయింది. చీకట్లో నా ముందు ఏదో వంగింది. కనపడలేదు... గాలి కదిలింది.

నా కుడి మోచేతి మడతలో ఊపిరి తగిలింది.

పొడుగ్గా... గట్టిగా... లోపలికి పీల్చుకుంది.

“అమ్మగోరూ...” గుసగుస. “ఏటనుకోకండమ్మా... నా చెయ్యి నాకు దొరకట్లేదు.”

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట కూడా తిట్టే.

“నీకేం పొయ్యేకాలమే కనకం? నువ్వు ఖాళీ చేస్తుంటే నీ పిల్ల దొంగయిపోతోంది తెలుసా? సాయంత్రం థానాకి లాక్కుపోతాడు వాడు!”

గదిలో కదలిక ఆగింది.

“ముక్కు పట్టీసిందమ్మా. ఏది నీల్లో, ఏది నూనో... తెలట్లేదు. పిల్లకి దాహవేస్తాది కదా. అది తాగీకముందు నాను సూసుకోవాల.”

“ఇన్ని సీసాలూనా?”

“ఎర్ర దారం లేనివన్నీని.”

నా కళ్ళలోంచి కారింది చెమటే అనుకున్నాను. నా మీద నాకు పుట్టిన కోపంతో పళ్ళు నూరుకున్నాను.

“కట్టమన్నాను కనకం. వాడు కట్టలేదు. కట్టాడో లేదో నేను చూడలేదు.”

మోచేతి మడతలో ఇంకోసారి ఊపిరి తగిలింది. ఈసారి పీల్చలేదు. వదిలింది. ఆ ఊపిరికి నీలగిరి వాసన ఉంది. చచ్చిపోయిన ముక్కుకి ఆ ఒక్క వాసనే తెలిసింది.

“నీళ్ళు నేను తెస్తాను. సీసాలు ముట్టుకోకు,” అన్నాను. తలుపు తడుముకుంటూ బయటపడ్డాను.

ముందు గదిలో ఎండ కత్తిలా పొడిచింది. గిరిబాబు అట్టముక్కతో విసురుకుంటున్నాడు. శ్వేత ఎక్కడ కూర్చోబెట్టానో అక్కడే ఉంది.

“ఇది లేచిందా?”

“లేదు. ఏం వదినా, అలా అయిపోయావు?”

“లోపలికెళ్ళి చూడు.”

ఫోను లైటు వేసుకుని వెళ్ళాడు. ఏడు సీసాల మీదా కాగితాలు చెక్కుచెదరలేదు. సంతకాలూ అలాగే ఉన్నాయి. తైలం మాత్రం నేనంటించిన పట్టీలకి రెండు వేళ్ళు కిందకి దిగి ఉంది. బయటికొచ్చాక అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఎండకి... ఆవిరయిపోయుంటాది.”

“అయితే పద థానాకి. ఆవిరి మీద దరఖాస్తివ్వు. నేనూ వస్తాను. నువ్వు రైల్లో ఏం తెచ్చావో, దేన్లో పోసి తెచ్చావో, ఎర్ర దారం ఎందుకు కట్టలేదో నేనే చెప్తాను. మార్చిలో చెప్పాల్సింది. ఇవాళ చెప్తాను.”

“వదినా! పిల్ల ముందర...”

“పిల్ల ముందరే.” శ్వేత వైపు తిరిగాను. “మీ అమ్మ తెలిసి తాగలేదమ్మా. నీళ్ళనుకుని తాగింది. వీడూ నేనూ కలిసి చంపేశాం. వీడు అబద్ధం చెప్పాడు, నేను ఊరుకున్నాను.”

శ్వేత ఏడవలేదు. నా మొహంలోకి చూసింది. “పతా థా ఆంటీ,” అంది. నాకు తెలుసు, అని. అంతే. తల వంచుకుని మళ్ళీ చీటీలు రాయడం మొదలుపెట్టింది. చెంప మీద కొట్టినా అంత బాధనిపించేది కాదు.

గిరిబాబు రాసిపెట్టుకున్న దరఖాస్తు చింపేశాడు. ఆ రోజునుంచి వెనక గదిలోకి అడుగుపెట్టలేదు.

సాయంత్రమే మట్టికుండ కొని, మంచినీళ్ళు నింపి, మూత లేకుండా ఆ గదిలో పెట్టాను. మర్నాటికి కుండ ఎండిపోయి ఉంది. మళ్ళీ నింపాను. సీసాల్లో తైలం తగ్గడం ఆగిపోయింది. ఇక గొడవ తీరిందనుకున్నాను.

పది రోజులకి గమనించాను. శ్వేత ఇంటినుంచి తెచ్చుకునే స్టీలు సీసా నిండుగా వస్తోంది, నిండుగానే వెళ్తోంది.

“నీళ్ళు తాగవేంటే ఈ ఎండల్లో?”

“దాహం వెయ్యట్లేదు ఆంటీ.”

“ఎప్పటినుంచి?”

“మీరు లోపల కుండ పెట్టినప్పటినుంచి.”

గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పాను. పెదవులు తడిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. కసిరి మరీ గ్లాసుతో తాగించబోయాను. ఒక గుక్క నోట్లో పోసుకుంది. మింగుడుపడలేదు. బయటికి ఉమ్మేసింది.

నిన్న స్టేషన్లో పార్సిల్ పని ఉండి దుకాణానికి ఆలస్యంగా వచ్చాను. కుండ నింపలేదు. పన్నెండయ్యేసరికి శ్వేత పెదవులు పగిలి నెత్తురొస్తోంది. నాలుక పిడచకట్టి మాట రావడం లేదు. సీసా ఎదురుగానే ఉంది. దానివైపు చూడను కూడా చూడడం లేదు, వెనక గది తలుపు వైపే చూస్తోంది. నేను బిందెతో పరిగెత్తాను. కుండ నింపి, బయటికొచ్చి తలుపేశాను.

తలుపు వెనక చప్పుడు మొదలైంది. ఎత్తి పోసుకుంటున్న చప్పుడు. గటక్... గటక్...

శ్వేత బల్ల దగ్గర కూర్చుని చీటీ రాస్తోంది. నోరు గట్టిగా మూసుకునే ఉంది.

ఆ గుటకలకి సరిగ్గా, ఒక్కటి కూడా తప్పకుండా, దాని గొంతు కదులుతోంది.