సొట్ట తీయని రేకు

ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గర్లో ఒక సందు మొదట్లో ఉంది మహేందర్ టింకరింగ్ షెడ్డు. కార్ల రేకుల మీద పడ్డ సొట్టలు తీయడం, చిరిగిన చోట అతుకు వేయడం అతని పని. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా అదే పనిలో ఉన్నాడు.

ఆ రోజు బంద్. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు లేవు, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. వీధి వీధంతా షట్టర్లు దించుకుని కూర్చుంది. మహేందర్ షట్టరు మాత్రం మోకాలెత్తున ఆగి ఉంది. బంద్ రోజు చాటుగా పని చేసుకునేవాళ్ళ పద్ధతి అది. ఉద్యమం అంటే అతనికి గిట్టక కాదు, రోడ్డు మీద వంటా వార్పూ పెట్టినప్పుడు గరిటె పట్టినవాడే. కానీ ఇంట్లో ఊరికే కూర్చుంటే గోడలు మీదికి వచ్చేటట్టున్నాయి. అందుకే వచ్చాడు.

ఎనిమిది నెలలుగా మనిషి అలాగే ఉన్నాడు. తింటాడు, రుచి తెలియదు. పడుకుంటాడు, నిద్రపోయాడో లేదో తెలియదు. భార్య స్వప్న పోయిన రోజు కూడా కంట్లో చుక్క నీళ్ళు రాలేదు. చూసినవాళ్ళు గుండె రాయి అన్నారు. అతనికీ అదే అనుమానం.

అదీ ఒక బంద్ రోజే, ఫిబ్రవరిలో. స్వప్న ఎప్పటిలాగే ఒంటిగంటకు క్యారేజీ తెచ్చి, దాని మూతతో షట్టరు మీద రెండు సార్లు కొట్టింది. టక్... టక్. "ఒస్తున్న, చేతులు కడుక్కొని ఒస్తున్న" అన్నాడు మహేందర్. అని, చేతిలో పని సగంలో ఉందని పది నిమిషాలు లేవలేదు. బయట ఎండ. "జల్ది తీయి... ఎండ దంచుతుంది" అని ఇంకోసారి పిలిచింది. తర్వాత రోడ్డవతల నీడ కనబడితే అటు నడిచింది. ఖాళీ రోడ్డు కదా అని వేగంగా వస్తున్న కారు ఆమెను బానెట్ మీదికి ఎత్తేసింది.

కారు నడిపిన శ్రీరామమూర్తి అనే పెద్దమనిషి, పోలీసులు బండి వదిలిన రోజు దాన్ని ఈ షెడ్డుకే తెచ్చి తాళాలు మహేందర్ కాళ్ళ దగ్గర పెట్టాడు. "నేనిక స్టీరింగు పట్టుకోను బాబూ" అని ఏడ్చి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి కారు మూలన టార్పాలిన్ కింద ఉంది. బానెట్ నడుమ స్వప్న తల తగిలిన చోట లోతుగా, నున్నగా సొట్ట.

పని నేర్పిన మట్టయ్య ఉస్తాద్ మొదటి రోజుల్లోనే ఒక మాట చెప్పాడు. "సచ్చినోళ్ళ సొట్టను పదకొండు దినాలల్ల సాపు జెయ్యాలెరా. గుంత ఉన్నన్ని దినాలు మనిషి అండ్లనే ఉంటది. గా రేకు ఇంకో బండికి అతికినవనుకో, ఆ మనిషి గా బండెక్కి తిరుగుతది." ఎంతమంది సొట్టలనో మహేందర్ చెక్క సుత్తితో సాపు చేశాడు. ఈ ఒక్కదాని మీద మాత్రం సుత్తి ఎత్తలేకపోయాడు. అది ఆమె తల ఉన్న చోటు. ఎట్లా కొడతాడు?

సమ్మె బంద్ నాటి ఆ ఉదయం తొమ్మిదింటికి ప్రసన్నకుమార్ వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, మంచిమనిషి. వెంట భార్య అమల ఉంది, తొమ్మిదో నెల. కాళ్ళు రెండూ ఉబ్బిపోయి చెప్పులు పట్టక వట్టి పాదాలతో దిగింది. ముందురోజు సీమంతం చేశారేమో, పాదాల చుట్టూ ఎర్రటి పారాణి.

"మహేందర్ గారూ, మీరే దిక్కండీ. అరగంట నడిస్తే ఇంజను సెగలు కక్కుతోంది. బానెట్ కోసి, గాలి దూరేలా మూతి ఉన్న ఉబ్బు రేకు, స్కూప్ అంటారట, అది పెట్టిస్తే చల్లబడుతుందని మెకానిక్ అన్నాడు. బస్సులు లేవు, రైళ్ళు ఆపేస్తున్నారు. ఇవాళే ఈవిణ్ణి బెజవాడలో పుట్టింట్లో దింపాలి. దారిలో మీవాళ్ళు పోనిస్తారంటారా?"

"గర్భిణి ఉందంటె దారిస్తరు సార్. మావోళ్ళు గంత పాపాత్ములు గాదు."

అమల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగింది. గోడ మేకుకు వేలాడుతున్న క్యారేజీని చూసింది. "మీ ఆవిడ తెస్తారా అన్నం?"

"ఇప్పుడు తెస్తలేదమ్మ" అన్నాడు మహేందర్.

వాళ్ళు మూడింటికి వస్తామని ఆటో దొరకబుచ్చుకుని వెళ్ళారు. అప్పుడు చూసుకున్నాడు, రేకు లేదు. పాత ఇనుప కొట్లన్నీ బంద్. కొత్త రేకు దొరికినా స్కూప్‌కు కావలసిన ఉబ్బు కొట్టి తేవాలంటే పూట పడుతుంది. మహేందర్ షెడ్డులో ఉన్న ముక్కలన్నీ తిరగేశాడు, ఏదీ చాలలేదు. తర్వాత మూలకు వెళ్ళి టార్పాలిన్ లాగేశాడు.

రేకు కత్తెరతో సొట్ట చుట్టూ చదరంగా కోశాడు. ముక్కను తిరగేశాడు. ఇటు గుంత, అటు ఉబ్బు. ముందువైపు మూతి తెరిస్తే చాలు, కొలిచి చేసినట్టున్న స్కూప్. మాస్టారి బానెట్ కోసి దాన్ని గ్యాస్ వెల్డింగ్‌తో అతికాడు. సుత్తి పని లేకుండా గడిచింది కదా అని మాత్రమే అనుకున్నాడు. మట్టయ్య మాట గుర్తుకు రాక కాదు. వచ్చింది, కానీ ఎక్కడా తగల్లేదు.

ఒంటిగంట అయింది.

టక్... టక్.

అలవాటుగా షట్టరు వైపు చూశాడు. కింది సందులో ఎండ తప్ప ఏమీ లేదు. వేడి రేకు చల్లారేటప్పుడు చప్పుడు చేస్తుంది, అది ఎవరికి తెలియదు? మళ్ళీ పనిలోకి వంగాడు.

టక్... టక్.

చప్పుడు స్కూప్‌లోంచి వస్తోంది. వెల్డింగ్ వాసన పోయి ఇంకేదో వాసన వేసింది. పప్పుచారు. కొబ్బరినూనె. మహేందర్ అరచెయ్యి స్కూప్ మూతికి అడ్డంగా పెట్టాడు. వెచ్చటి గాలి తగిలింది. ఆగింది. లోపలికి పోయింది. మళ్ళీ తగిలింది. ఇంజను ఆపి ఉంది. తాళంచెవి మేకుకే ఉంది.

"జల్ది తీయి..." గుసగుస. "ఎండ దంచుతుంది..."

చెక్క సుత్తి అందుకున్నాడు. ఇప్పుడైనా కొట్టి సాపు చేయాలి. ఒక్క దెబ్బ... సుత్తి పైకి లేచింది.

"కొట్టకు... నొప్పి..."

సుత్తి మెల్లగా దించేశాడు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి గుండెలో ఏదో కదిలింది. నిజం చెప్పాలంటే అది భయం కాదు. ఆశ. అంతకంటే చెడ్డది ఆ షెడ్డులో ఇంకోటి లేదు.

"ఒస్తున్న..." అన్నాడు మహేందర్. "చేతులు కడుక్కొని ఒస్తున్న."

చప్పుడు ఆగిపోయింది.

మూడింటికి వాళ్ళు వచ్చారు. ప్రసన్నకుమార్ స్కూప్ మీద చెయ్యి వేసి మురిసిపోయాడు. బండి ఇవ్వను సార్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఇవ్వనంటే ఆ స్కూప్‌ను పీకి, కొట్టి, సాపు చేయాలి. "అమ్మను ఎనుక సీట్ల కూసోవెట్టుండ్రి సార్" అన్నాడు. అమల వట్టి పాదాలతో మెల్లగా నడిచి వెళ్ళి కారెక్కింది. సిమెంటు గచ్చు మీద చెమటకు కరిగిన పారాణి మరకలు పడ్డాయి.

గంట దాటాక ఫోను మోగింది.

"అద్భుతమండీ మహేందర్ గారూ! అబ్దుల్లాపూర్‌మెట్ దాటి చాలాసేపయింది, ఇంజను చల్లగా ఉంది. ఒక్కటే... స్కూప్ ఏమైనా వదులుగా ఉందా? రెండేసి సార్లు కొడుతోంది."

మహేందర్ ఫోను చెవికి అదుముకున్నాడు.

"ఇంకోటండీ, నవ్వకండి. వెనక కాళ్ళు చాచుకోవడానికి లేదని ఈవిడ ముందే కూర్చుంది. నిద్రపోతోంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా, చేతులు కడుక్కుని వస్తున్నా, చేతులు కడుక్కుని వస్తున్నా అని పలవరిస్తోంది."

"బండి ఆపుండ్రి సార్..." అన్నాడు మహేందర్. "బండి ఆపుండ్రి! అమ్మను దింపుండ్రి!"

"ఏంటండీ? వినపడట్లేదు..."

ఫోనులో స్పష్టంగా వినపడింది. టక్... టక్.

"అమలా? ఎక్కడికి? బండి నడుస్తోంది, తలుపు తీయకు... అమలా!"

ఫోను కట్టయింది.

మళ్ళీ చేశాడు. కలవలేదు. ఇంకోసారి చేశాడు. కలవలేదు. ఏం చేయాలో తోచక మూలకు వెళ్ళి, కోశాక మళ్ళీ కప్పేసిన టార్పాలిన్ ఎత్తాడు. పొద్దున తన చేత్తో కోసిన చదరపు కంత కోసం చూశాడు. కంత లేదు. సొట్ట లేదు. బానెట్ తళతళలాడుతోంది, గీత కూడా లేదు. ఆ కారు ఎన్నడూ ఎవరినీ గుద్దనట్టే ఉంది.

వెనక్కి తిరిగాడు. మేకు ఖాళీగా ఉంది. క్యారేజీ లేదు.

టక్... టక్.

ఈసారి షట్టరు మీద. బయటి నుంచి.

"జల్ది తీయి. అన్నం సల్లగైతుంది."

గొంతు స్వప్నదే. అనుమానమే లేదు. పదేళ్ళు విన్న గొంతు. మహేందర్ రెండడుగులు వేసి వంగి చూశాడు.

షట్టరు కింది సందులో రెండు పాదాలు. స్వప్నవి సన్నటి పాదాలు. ఇవి ఉబ్బి ఉన్నాయి, చెప్పులు లేవు. చుట్టూ పారాణి, రోడ్డు మీది దుమ్ము అంటుకుని ఇంకా తడిగానే ఉంది.

మహేందర్ షట్టరు ఎత్తలేదు. నిమిషం గడిచింది. పది నిమిషాలు గడిచాయి. బయట ఎండ ఇంకా ఉంది. ఈసారి ఆ పాదాలు నీడ కోసం రోడ్డవతలికి పోలేదు.