అత్తగారి బ్యాటరీ

"నేను చంపలేదమ్మా! నన్ను పోలీసులకి పట్టిస్తామంటున్నారు!"

నర్సు ఆఫీసులోకి వస్తూనే కుర్చీలో కూలబడింది. ఆమె చూసుకునే పెద్దావిడ ఊపిరి యంత్రం మీద బతికేది. నిన్న మధ్యాహ్నం నర్సు మందుల కోసం వెళ్లినప్పుడు కరెంటు పోయింది. యంత్రంలోని బ్యాటరీ ఆదుకోలేదు. పెద్దావిడ ప్రాణం పోయింది. నర్సే చార్జింగ్ పెట్టడం మరిచిందని ఇంటివాళ్లు తేల్చేశారు. నేరం నెత్తిన రుద్దడానికి జీతగత్తె ఉండగా ఇంకొకళ్లని వెతకడం దేనికి?

"నిన్న పొద్దున బ్యాటరీని చార్జర్ మీంచి తీసి యంత్రంలో నేనే పెట్టానమ్మా. అది బాగుందో లేదో కూడా చెప్పే చార్జరది. పచ్చలైటు వెలిగింది."

ప్రైవేట్ డిటెక్టివ్ సూదమ్మ లేచింది. మాటకున్న పదును వల్ల పడ్డ పేరది. అసిస్టెంటు సంచీ అందుకున్నాడు. ఆవిడ వెంట తిరగడమే తన చదువని అతని నమ్మకం.

వాళ్లు వెళ్లేసరికి ఆ ఇంట్లో మళ్లీ కరెంటు లేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ రోజూ అదే వరస. పెద్దావిడ కొడుకూ కూతురూ చెమటతో తడిసి ముద్దయ్యారు. అల్లుడు మాత్రం తన గదిలోంచి కడిగిన ముత్యంలా వచ్చాడు.

"జీతాలవాళ్లని నమ్మితే ఇంతేనండీ. అత్తయ్యంటే నాకు ప్రాణం," అన్నాడు.

"నిన్న ఇంట్లో ఎవరున్నారు?"

"నేనే. గదిలో నిద్రపోతున్నాను."

"యంత్రానికి బ్యాటరీ ఒక్కటేనా?"

"పోయినేడు కొత్తది కొన్నాం," అంది కూతురు. "పాతది ఈయనే పారేశారు."

సూదమ్మ అసిస్టెంటు చెవిలో ఏదో చెప్పి పంపింది. కరెంటు వచ్చాక నర్సుతో సహా అందరినీ హాల్లో కూర్చోబెట్టి, యంత్రంలోని బ్యాటరీని చార్జర్‌లో పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"చార్జింగ్ మరిచినదైతే ఇప్పుడు ఎక్కాలి. ఇది ఎక్కనంటోంది. దీని ఆయుష్షు ఎప్పుడో తీరింది. ఒక్క పూటలో ఏ బ్యాటరీ ఇలా చావదు. ఇది మీరు పారేశామన్న పాతది."

అసిస్టెంటు అల్లుడి గదిలోంచి తెచ్చిన బ్యాటరీ అందించాడు. దాన్ని పెట్టగానే పచ్చలైటు వెలిగింది.

"ఇది అత్తగారిది. అల్లుడుగారి టేబుల్ ఫ్యానుకి తగిలించి ఉంది. ఇల్లంతా ఉడికిపోతుంటే ఈయనకి చెమట పట్టలేదేమా అనుకున్నాను."

"చంపాలని కాదండీ!" అల్లుడు గొల్లుమన్నాడు. "ఉక్కపోత భరించలేక... పాతది కాసేపు లాగుతుందనుకున్నా."

"ఆస్తి కోసమనుకున్నాను," అని గొణిగాడు అసిస్టెంటు.

"దానికీ ఒళ్లొంచాలి కదయ్యా. ఈయనకంత ఓపికెక్కడిది?"

కూతురు మెల్లగా అడిగింది. "యంత్రం ఆగేముందు గట్టిగా కూత పెడుతుంది కదండీ. పక్కగదే మీది. వినపడలేదా?"

అల్లుడు తల దించుకున్నాడు. "వినపడింది. నిద్ర చెడుతుందని తలుపేసుకున్నాను."

ఆమె మళ్లీ భర్త వంక చూడలేదు. వెళ్లి నర్సు పక్కన కూర్చుని, ఫోన్ తీసింది.

"పోలీసులకి నేనే చెప్తాను."