సగం నిండిన సిలిండరు

డెల్ఫిన్ వచ్చి డిటెక్టివ్ అబ్రెనికా గది గుమ్మంలో నిలబడేసరికి టిర్సో మొహం తిప్పేసుకున్నాడు. డైవింగు సిలిండర్లలో గాలి నింపే ఆ మనిషిని పొద్దున రేవులో చెంపమీద కొట్టింది తనే. సిలిండరు సగమే నింపాడనీ, అరగంటకే గాలి అయిపోయి పైకి తన్నుకొచ్చాననీ ఊరి పెద్ద అమాడో చెప్పాడు. అమాడో టిర్సోకు జ్ఞానతండ్రి, బాప్తిస్మం నాడు చేతుల్లోకి తీసుకున్నవాడు. ఆయన మాటంటే టిర్సో ఇంకేం ఆలోచిస్తాడు? ఊరంతా డెల్ఫిన్‌ను పోలీసులకు అప్పగించాలంటోంది.

"నిండా నింపానమ్మా. నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు డెల్ఫిన్.

అబ్రెనికా ఒట్లు నమ్మే మనిషి కాదు. సహాయకుడు టిర్సోను వెంటబెట్టుకుని అమాడో ఇంటికి నడిచింది. మంచం మీద ఆయన కాళ్లు చచ్చుబడి ఉన్నాయి. ఏదో రాయి తగిలిందని ఇంట్లోవాళ్లు కొబ్బరినూనె మర్దన చేస్తున్నారు.

"ఎంత లోతుకి దిగారు?"

"పది మీటర్లు. నీళ్లమీద తేలే హద్దు బోయాకి తాడు కట్టడానికి."

"నిండు సిలిండరు అక్కడ ఎంతసేపు వస్తుంది?"

"గంట. ఇదేమో అరగంటకే అయిపోయింది. సగమే నింపాడనడానికి ఇంకేం కావాలి?"

ఆ జవాబుకి టిర్సో ఛాతీ పొంగింది. ఆవిడ మాత్రం అమాడో అరికాలిని గోటితో గీరి చూసింది. కాలు కదల్లేదు. అప్పుడు వెనకే వచ్చిన డెల్ఫిన్‌తో సహా వాకిట్లో ఉన్నవాళ్లందరినీ లోపలికి పిలిచింది.

నీటి పైనకంటే పది మీటర్ల కింద ఒత్తిడి రెట్టింపు, ముప్పై మీటర్ల కింద నాలుగింతలు అని చెప్పింది. ఒత్తిడి పెరిగినకొద్దీ గాలి కుంచించుకుపోతుంది, ఒక్కో ఊపిరికి అంత ఎక్కువ గాలి ఖర్చవుతుంది. పది మీటర్ల దగ్గర గంట వచ్చే గాలి ముప్పై దగ్గర అరగంటే వస్తుంది.

"సగం సిలిండరుతో పది మీటర్లు, నిండు సిలిండరుతో ముప్పై మీటర్లు. లెక్కకి రెండూ ఒకటే. కాళ్లకి కాదు. పది మీటర్ల దగ్గర అరగంట ఉంటే కాళ్లు పడిపోవు. ముప్పై నుంచి ఒక్కసారిగా పైకొస్తేనే నెత్తుట్లో గాలి బుడగలు కట్టి నరాలు దెబ్బతింటాయి."

ఆ తీరంలో ముప్పై మీటర్ల లోతు ఒక్కచోటే ఉంది. అక్కడి పెద్ద ఆల్చిప్పలను ఎవరూ ముట్టకూడదని చుట్టూ బోయాలు కట్టించింది అమాడోయే. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"సెబూ నగరం ఆసుపత్రిలో ఈ బుడగల్ని కరిగించే ఒత్తిడి గది ఉంది," అంది అబ్రెనికా మెల్లగా. "నిజం చెబితే ఇవాళే పంపుతాం. పది మీటర్లే అంటారా, ఇక్కడే నూనె రాయించుకుంటూ ఉండండి. ఇక నడవరు."

అమాడో మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ముప్పై," అన్నాడు. "మూడు చిప్పలు తీశాను. పరువు పోతుందని వాడి మీదకి నెట్టాను. వాడు నిండానే నింపాడు."

ఆయన అబద్ధం కన్నా డెల్ఫిన్‌ను కొట్టిన తన చెయ్యే టిర్సోను ఎక్కువ బాధించింది.

పడవదాకా అమాడోను మంచంతోపాటు మోయాలి. అందరికన్నా ముందు వంగింది డెల్ఫిన్.

"అటు పట్టుకో టిర్సో. నాకొక్కడికీ బరువవుతాడు," అన్నాడు.

అతని చెంపమీద వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. టిర్సో ఆ వేళ్లతోనే మంచం పట్టుకున్నాడు.